స్టాక్ బండి అన్నారు: ఒక పాత టర్బో హ్యాచ్‌బ్యాక్ మీద చేసిన రెండు తనిఖీలు

బండి, కొనే మనిషి

పాత బళ్ళని కొనేవాళ్ళ తరఫున తనిఖీ చేసి పెట్టడం మా పని. ఈసారి కొనదల్చుకున్న అబ్బాయిది జయపురం. కోరాపుట్ జిల్లాలో తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. వ్యాపారం పని మీద నెలకి నాలుగైదుసార్లు విశాఖ వెళ్ళిరావాలి. అంటే 26వ నంబరు జాతీయ రహదారి మీద కోరాపుట్, సెమిలిగూడ, సుంకి ఘాట్, సాలూరు, విజయనగరం. ఘాట్‌లో లారీ వెనకాల చిక్కుకుంటే చటుక్కున దాటి పోగల చిన్న బండి కావాలన్నాడు. రిపేర్లు, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి ఏడున్నర లక్షలు దాటకూడదు.

ఆ డబ్బుకి పాతవే దిక్కు. మన దేశంలో ఈ తరగతి బళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు: 2013లో వచ్చిన 105 పీఎస్ (హార్స్‌పవర్) పోలో జీటీ టీఎస్ఐ, 2015 నాటి 145 పీఎస్ అబార్త్ పుంటో, 2017 బలేనో ఆర్ఎస్, 2018 టియాగో జేటీపీ, 2020 తర్వాతి 1.0 టీఎస్ఐ పోలో, 2021 ఐ20 ఎన్ లైన్. ఇందులో అబార్త్‌ని మేమే వద్దన్నాం. ఫియట్ కార్ల అమ్మకం ఇక్కడ ఆగిపోయాక దాని పార్టుల కోసం ఊళ్ళు తిరగాలి, జయపురంలో కూర్చుని ఆ పని జరగదు. డ్రై క్లచ్ ఉన్న 7 గేర్ల డీఎస్‌జీని (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) కూడా పక్కన పెట్టించాం. లోడు లారీ వెనకాల మొదటి గేరులో పాకుతూ ఎక్కే దారిలో ఆ క్లచ్‌లు సగం పట్టి సగం వదిలి పోతుంటాయి. ఆ వేడికి ముందు క్లచ్ ప్యాక్ అరుగుతుంది. అందులో గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ పోతే పాత బండి విలువలో పెద్ద ముక్కే పోయినట్టు. అందుకని మాన్యువల్ ఒక్కటే చూడమన్నాం.

అతను పట్టుకొచ్చిన బండి 2021 మోడల్. 1.0 లీటరు, మూడు సిలిండర్ల డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోలు, 6 గేర్ల మాన్యువల్, 110 పీఎస్, 175 న్యూటన్ మీటర్ల టార్క్. కంపెనీ పేరు ఎత్తడం లేదు. ఇక్కడ తేలిన లోపాల్లో కంపెనీ చేసిందేమీ లేదు. బండి విశాఖలో ఒక మధ్యవర్తి దగ్గర ఉంది. మీటరు మీద 31,200 కి.మీ., ధర 6,90,000. "ఫుల్ స్టాక్ అండి, ఒక్క స్క్రూ కూడా విప్పలేదు" అని అమ్మేవాడి మాట. స్టాక్ అంటే కంపెనీ ఇచ్చినట్టే, మార్పుల్లేకుండా ఉన్న బండి. ఈ బండి సంగతి మా దగ్గరికి వచ్చేసరికే అబ్బాయి 10,000 అడ్వాన్సు ఇచ్చేసి ఉన్నాడు.

మమ్మల్ని అడిగింది

అడిగినవి రెండే: యాక్సిడెంట్ అయిందా, నీళ్ళలో మునిగిందా. ఇంజన్ గురించి అడగనే లేదు. "నడిపి చూశానన్నా, పికప్ అదిరిపోయింది" అన్నాడు. కేసులో మొదటి ఆధారం ఆ మాటే. అప్పుడు దాన్ని కొత్త మోజు కింద కట్టేశాం.

మునక భయం మాత్రం ఉత్త భయం కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి విజయవాడలో చాలా కార్లు మునిగాయి. అలాంటివి శుభ్రం చేసి రాష్ట్రం దాటించి అమ్మేస్తారన్న అనుమానం సరిహద్దు జిల్లాల్లో ఇప్పటికీ పోలేదు. దానికి తోడు ఆంధ్రలో 2019 నుంచి కొత్త బళ్ళన్నిటికీ ఏపీ 39 సిరీసే వేయడం మొదలుపెట్టారు కాబట్టి, నంబరు ప్లేటు చూసి ఇది ఏ జిల్లాలో తిరిగిన బండో చెప్పలేం. ఆర్‌సీ మీది చిరునామా, పాత ఇన్సూరెన్సు పాలసీ మీది ఊరు, సర్వీసు బిల్లుల ఊరు, ఈ మూడూ కలుస్తున్నాయా అని చూసుకోవాలి.

మొదటి తనిఖీ

మధ్యవర్తి యార్డులో రెండు గంటలు పట్టింది. పెయింట్ మందం మీటరుతో బండి చుట్టూ 60 చోట్ల కొలిచాం. దాదాపు అన్నిచోట్లా 95 నుంచి 125 మైక్రాన్లు వచ్చింది, కంపెనీ పెయింట్ ఉండాల్సిన తీరు అదే. కుడివైపు ముందు ఫెండర్ ఒక్కటి 240 చూపించింది. పుట్టీ పెట్టి ఉంటే అంకె ఇంకా చాలా పైకి పోతుంది, కాబట్టి గీత పడితే మళ్ళీ రంగు కొట్టించారంతే. దెబ్బ లోపలికి దిగిందా అన్నది ఏప్రన్ (బోనెట్ కింద పక్క రేకు), ఛాసిస్ లెగ్ (ముందు భాగాన్ని మోసే దూలం), కంపెనీ సీలెంట్ గీత చెబుతాయి. మూడూ చెక్కుచెదరలేదు.

మునకకి చూసినవి: సీటు బెల్టు నాలుగూ చివరి దాకా లాగి అడుగు భాగంలో మట్టి చార, సీటు పట్టాల కింద బోల్టుల తుప్పు, డ్రైవరు కాళ్ళ దగ్గర కార్పెట్ ఎత్తి కింద స్పాంజి వాసన, స్టెప్నీ గుంట, ఫ్యూజ్ బాక్స్ కనెక్టర్లలో ఆకుపచ్చ పొడి. ఏదీ లేదు. స్కానర్ పెడితే ఫాల్ట్ కోడ్లు (బండి కంప్యూటర్ రాసుకునే లోపాల గుర్తులు) సున్నా. ట్రాఫిక్‌లో 6 కి.మీ. నడిపాం, గేర్లు మెత్తగా పడ్డాయి, ఏసీ చల్లగా ఉంది, స్టీరింగ్ తిన్నగా ఉంది.

ఆ సాయంత్రం అబ్బాయికి పంపిన రిపోర్టు: బాడీ మంచిది, మునగలేదు, కోడ్లు లేవు. ఆ రిపోర్టు చదివితే ఎవరైనా మిగతా డబ్బు కట్టేస్తారు.

అందులో తప్పు ఎక్కడ జరిగింది

మామూలు హ్యాచ్‌బ్యాక్‌ని చూసే పద్ధతిలోనే దీన్నీ చూశాం. మామూలు బండి పట్టించుకోక పాడవుతుంది: ఆయిల్ మార్చరు, కూలెంట్ బదులు నీళ్ళు పోస్తారు. ఈ తరహా బండి యజమాని అలా కాదు. ఆయిల్ ముందే మారుస్తాడు, ఖరీదైనదే పోస్తాడు. ఇంకో చేత్తో రీమ్యాప్ చేయిస్తాడు, అంటే శక్తి పెరిగేలా ఇంజన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ (మ్యాప్) మార్పిస్తాడు. డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి పోయే గొట్టం) మారుస్తాడు, కిందికి దించే స్ప్రింగులు వేస్తాడు. అమ్మే రోజు వచ్చేసరికి అవన్నీ ఊడదీసి అటక మీది కంపెనీ పార్టులు మళ్ళీ బిగిస్తాడు, తీసినవి విడిగా అమ్ముకుంటాడు. ఇప్పుడు బండి మీద కనిపించేదంతా కంపెనీ పార్టే. కాబట్టి వెతకాల్సింది తీసేసిన పార్టుల జాడ.

మేం వెళ్ళేసరికి ఇంజన్ వేడిగా ఉంది. "ఇప్పుడే కడిగించి తెచ్చామండి" అన్నారు. ఆ ఒక్క మాటతో చల్లటి ఇంజన్‌ని స్టార్ట్ చేసి చూసే అవకాశం పోయింది. స్కానర్ చూపిన సున్నాని క్లీన్ చిట్ కింద తీసుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు. కోడ్లు తుడిచేయడం రెండు నిమిషాల పని, 800 రూపాయల బ్లూటూత్ అడాప్టర్‌కి కూడా చేతనవుతుంది. తుడిచిన సంగతిని మాత్రం తుడవలేరు. కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు నడిచింది, ఎన్నిసార్లు చల్లబడి వేడెక్కింది, ఏయే మానిటర్లు (బండి తన భాగాల్ని తనే పరీక్షించుకునే ప్రోగ్రాములు) పరీక్ష పూర్తి చేసుకున్నాయి, ఇవి వేరే పేజీలో ఉంటాయి.

ఆ పేజీల స్క్రీన్‌షాట్లు అలవాటుగా తీసి ఉంచాం గానీ చదవలేదు. రాత్రి చదివితే: చెరిపాక దూరం 42 కి.మీ., వేడెక్కిన లెక్క 3, క్యాటలిస్ట్ (పొగని శుభ్రం చేసే భాగం) మానిటర్ అసంపూర్ణం. బోనెట్ కింద తీసిన ఫొటోలు పెద్దవి చేసి చూస్తే మరో మూడు విషయాలు బయటపడ్డాయి. టర్బో నుంచి వచ్చే గాలి పైపుకి ఒక కొసన కంపెనీ స్ప్రింగ్ క్లిప్, రెండో కొసన స్క్రూతో బిగించే మామూలు హోస్ క్లిప్. డౌన్‌పైప్ నట్లలో రెండు వేడికి గోధుమ రంగు తిరిగి ఉంటే, పక్కవి రెండు మెరుస్తున్నాయి. ఫ్యాక్టరీలో బిగించాక బోల్టు తల మీంచి పక్క లోహం మీదికి పసుపు రంగు గీత పెడతారు. హీట్ షీల్డ్ బోల్టు మీది ఆ గీత సగం ఒకవైపు, సగం ఇంకోవైపు తిరిగి ఉంది. ఇంకొకటి, టైర్లు నాలుగూ కొత్తవి, నాలుగింటి మీదా 0825. అంటే 2025 ఎనిమిదో వారంలో తయారైనవి.

విడివిడిగా చూస్తే దేనికైనా ఓ సాకు చెప్పొచ్చు. బ్యాటరీ మార్చినా కోడ్ల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. హోస్ క్లిప్ సర్వీసులో మార్చి ఉండొచ్చు. టైర్లు బాగా అరిగితే ఎవరైనా మారుస్తారు. అన్నీ ఒకే బండి మీద, ఒకే నెలలో జరగడమే మింగుడు పడలేదు. పొద్దున్నే అబ్బాయికి ఫోను చేసి, డబ్బు కట్టొద్దు, నిన్నటి రిపోర్టు సగమే అని చెప్పాం.

రెండో తనిఖీకి సాలూరు ఎందుకు

బండిని సాయంత్రానికి సాలూరు తెచ్చి, రాత్రంతా కదపకుండా నిలబెట్టి, తెల్లారి చూపించాలన్నది మా షరతు. మధ్యవర్తికి అది రుచించలేదు.

"అంత దూరం దేనికి బాబూ, ఇక్కడే ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసుకోండి."

"మాటిమాటికీ ఘాట్ ఎక్కాల్సిన బండి అండి. ఘాట్‌లోనే చూస్తాను. పెట్రోలు ఖర్చు, మీ మనిషి లాడ్జి ఖర్చు నావే."

ఒప్పుకున్నారు. విశాఖ నుంచి సాలూరుకి 110 కి.మీ. పైచిలుకు, ఆ దూరం హైవే మీద నడిస్తే మామూలుగా క్యాటలిస్ట్ మానిటర్ పూర్తవ్వాలి. రాత్రి నిలిపి ఉంచితే నిజమైన చల్లటి స్టార్ట్ దొరుకుతుంది. ఊరు దాటితే సుంకి ఘాట్. లోడు పడితే గానీ బయటపడని క్లచ్ జారుడు, నాక్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలడం), వేడి అక్కడ దాగవు.

పొద్దున ఆరింటికి ఇంజన్ ముట్టుకోకుండా ఇగ్నిషన్ మాత్రం వేసి చూశాం. కూలెంట్ 22 డిగ్రీలు, లోపలికి పోయే గాలి 21. రెంటికీ ఐదు డిగ్రీల పైన తేడా ఉంటే ఎవరో ముందే స్టార్ట్ చేసి ఆపారని అర్థం. ఇక్కడ నిజంగానే చల్లగా ఉంది.

స్టార్ట్ చేశాం. ఈ తరహా ఇంజన్లు చల్లగా లేచినప్పుడు క్యాటలిస్ట్‌ని తొందరగా వేడెక్కించడానికి ఐడిల్‌ని 1,100, 1,200 దాకా లేపి, టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే క్షణం) వెనక్కి లాగి, అర నిమిషం పైగా అలాగే ఉంచుతాయి. ఎగ్జాస్ట్ కాస్త బొంగురుగా మోగుతుంది, తర్వాత మెత్తబడుతుంది. ఈ బండి ఐదు సెకన్లలో 850కి దిగి బుద్ధిగా కూర్చుంది. తెలియనివాడికి ఎంత నున్నటి ఇంజన్ అనిపిస్తుంది. నిజానికి ఎవరో మ్యాప్‌లో ఆ చల్లటి స్టార్ట్ భాగాన్ని తీసేశారు. క్యాటలిస్ట్ లేని డౌన్‌పైప్ వేసిన బండికి అది అక్కర్లేదు కాబట్టి ట్యూనర్లు చేసే పని అది.

అప్పటికి కోడ్లు చెరిపాక నడిచిన దూరం 161 కి.మీ. క్యాటలిస్ట్ మానిటర్ ఇంకా అసంపూర్ణమే. ఆ మోడల్‌కి పనికొచ్చే డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తే ఈసీయూని (ఇంజన్ కంప్యూటర్‌ని) ఫ్యాక్టరీ తర్వాత మళ్ళీ ప్రోగ్రామ్ చేసినట్టు కౌంటర్ చూపించింది. కంపెనీ వాళ్ళు అప్‌డేట్ ఇచ్చినా కౌంటర్ పెరుగుతుంది. అందుకే సర్వీసు చరిత్ర ప్రింటు ముందే తెప్పించి ఉంచాం. అందులో సాఫ్ట్‌వేర్ పని ఒక్కటీ లేదు.

తర్వాత ప్లగ్గులు. డౌన్‌పైప్, ఎయిర్ ఫిల్టర్ బాక్స్ గుర్తుపెట్టుకుని మార్చినవాళ్ళు ప్లగ్గులు మర్చిపోతారు, ఎందుకంటే అవి పైకి కనపడవు. మూడూ కంపెనీ నంబరు కంటే ఒక మెట్టు చల్లని (వేడిని తొందరగా వదిలే) రకం, గ్యాప్ 0.6 మి.మీ.కి నొక్కి ఉంది. బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) పెంచినప్పుడు నిప్పురవ్వ ఆరిపోకుండా అలా చేస్తారు. రెండో సిలిండర్ ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద మిరియప్పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు నాలుగైదు కనిపించాయి. మొత్తం కేసులో భయపెట్టింది ఇదొక్కటే. లోపల పెట్రోలు తన సమయానికి ముందే పేలిన గుర్తులు అవి. ఎక్కువైతే పిస్టన్ అంచు కరిగి ఆ అల్యూమినియం వచ్చి ప్లగ్గుకి అంటుకుంటుంది.

ఘాట్ ఎక్కుతూ

క్లచ్ జారుతోందా అని హ్యాండ్ బ్రేకు లాగి మూడో గేరులో వదిలి చూసే పద్ధతి ఒకటి ఊళ్ళో వాడుకలో ఉంది. స్టాక్ టార్క్‌కే జారేంత అరిగిన క్లచ్‌ని అది పట్టిస్తుంది, బూస్ట్ పూర్తిగా ఎక్కినప్పుడు మాత్రమే జారేదాన్ని పట్టించదు. నడుస్తుండగా బండి అంకెల్ని రికార్డు చేసే లాగ్ తీయడమే దారి. గేరు ఒకటే అయినంతసేపు ఆర్‌పీఎంకీ వేగానికీ నిష్పత్తి మారకూడదు. సాలూరు బయట చదును రోడ్డు మీద నాలుగో గేరులో 1,000 ఆర్‌పీఎంకి 29 కి.మీ. వేగం వచ్చింది. ఘాట్‌లో అదే గేరు, 2,200 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ముల్లు 2,700కి ఎగిరింది, వేగం మాత్రం 64 నుంచి 65 అయింది. నిష్పత్తి 29 నుంచి 24కి పడిపోయింది. కాసేపటికి కాలిన వాసన కూడా వచ్చింది గానీ, దానికి ముందే అంకెలు చెప్పేశాయి.

బూస్ట్ సంగతి తేల్చడానికి ఒక వెసులుబాటు ఉంది. అదే మోడల్, మార్పులేమీ చేయని వేరే బండి లాగ్ అదే ఘాట్‌లో, అదే గేరులో తీసింది మా దగ్గర ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి విశాఖలో తీసిన అంకెతో సుంకి అంకెని పోల్చకూడదు, చోటు ఒకటే అయ్యుండాలి. దానికంటే ఈ బండి మ్యానిఫోల్డ్ ఒత్తిడి (ఇంజన్‌లోకి పోయే గాలి ఒత్తిడి) 30 కిలోపాస్కల్ దాకా ఎక్కువ. పార్టులన్నీ వెనక్కి మార్చినా మ్యాప్‌ని మాత్రం మార్చలేదు. అబ్బాయి చెప్పిన "అదిరిపోయిన పికప్" ఇదే. రెండో సిలిండర్‌లో టైమింగ్ 6 డిగ్రీల దాకా వెనక్కి లాగుతోంది: ఎక్కువ ఆక్టేన్ పెట్రోలుని నమ్ముకుని రాసిన మ్యాప్‌కి ట్యాంకులో మామూలు పెట్రోలు ఉంది. జయపురం నుంచి సాలూరు దాకా ప్రతి బంకులో ప్రీమియం దొరుకుతుందని నమ్మి అలాంటి బండి కొనలేం.

దిగేటప్పుడు రెండో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి అర కి.మీ. దిగి, ఒక్కసారిగా తొక్కాం. వెనకాల ఇంకో బండిలో ఒక మనిషి ఎగ్జాస్ట్‌నే చూస్తూ వచ్చాడు. టర్బో సీలు గానీ వాల్వు సీళ్ళు గానీ పోతే అప్పుడు నీలం పొగ చిమ్ముతుంది. రాలేదు.

లిఫ్ట్ ఎక్కించాక కింద ఇంజన్ మౌంట్, అదే మెకానిక్కులు ఫౌండేషన్ అనేది, దాని రబ్బరు సగం చిరిగి ఉంది. నిలిచిన చోటి నుంచి దూకించే అలవాటుకి అది సాక్ష్యం. ముందు షాకుల్లో బంప్ స్టాప్ రబ్బర్లు (షాకు పూర్తిగా కుంగినప్పుడు దెబ్బని ఆపేవి) కత్తితో సగానికి కోసి ఉన్నాయి. స్ప్రింగులు వెనక్కి మార్చారు గానీ కోసిన రబ్బరుని అతికించలేరు కదా. ఎడమ వెనక రిమ్ లోపలి అంచు వంగి ఉంది. ముందు డిస్కులు 19.4 మి.మీ.; కొత్తవి 22, కనీస మందం 19 అని దాని అంచునే ముద్ర కొట్టి ఉంటుంది.

తేల్చలేకపోయినది

అసలు కిలోమీటర్లు. కంపెనీ సర్వీసు చివరి ఎంట్రీ 2023 మార్చిలో 24,800. ఆ తర్వాత బయటి గ్యారేజీ, బిల్లుల్లేవు. ఈసీయూలో ఉన్న అంకె మీటరుతో కలిసింది, కానీ తిప్పేవాళ్ళు రెండు చోట్లా తిప్పగలరు. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ అడిగితే ఏడాదిన్నరది ఇచ్చారు. నాతవలస టోలు దగ్గర దాటిన లెక్క మీటరు చెప్పేదానికంటే కొంచెం ఎక్కువ తిరుగుడుని చూపించింది గానీ, ఖాయంగా ఇంత అని చెప్పేంత కాదు. డిస్కుల అరుగుదల ఎక్కువ దూరం వల్లనైనా కావచ్చు, గట్టిగా తొక్కడం వల్లనైనా కావచ్చు. తేలని దాని మీద వాదించకుండా, ఇది 45,000 తిరిగిన బండి అనుకుని ధర కట్టమన్నాం.

కొనాలా, వదిలేయాలా

ఇక్కడ అబ్బాయికి చిరాకొచ్చింది. ఇన్ని తేలాక వదిలేయకుండా ఇంకా చూడటం దేనికన్నది అతని ప్రశ్న. మా లెక్క వేరు. క్లచ్, డిస్కులు, మౌంట్, రబ్బర్లు ఏ బండిలోనైనా అరిగేవే, వాటికి ధర ఉంది. పిస్టన్, టర్బో, క్యాటలిస్ట్, గేర్‌బాక్స్ లోపలి పళ్ళు, కాగితాలు వేరు. వీటిలో ఏ ఒక్కటి చెడినా ఎంత తగ్గించినా వద్దు. ఆ ప్లగ్గు మీది చుక్కలు మొదటి రకమో రెండో రకమో తెలియాలి, అందుకు ఇంకో సగం పూట చాలు.

వేడి ఇంజన్ మీద ప్లగ్గులన్నీ విప్పి, కాయిల్స్ కనెక్షన్ తీసి, ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ పీకి, త్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూశాం: 12.6, 12.3, 12.5 బార్. అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, పది శాతం దాటకూడదు. లీక్‌డౌన్ (సిలిండర్‌లోకి ఎక్కించిన గాలిలో కారిపోయేది) 8, 10, 8 శాతం. 20 దాటి ఉంటే సామాను సర్దుకునేవాళ్ళం. ప్లగ్గు కన్నంలోంచి బోరోస్కోప్ (సన్నటి గొట్టం కెమెరా) దించి రెండో పిస్టన్ అంచు చుట్టూ నిదానంగా చూశాం: మసి ఉంది, కానీ అంచు పదునుగా, పూర్తిగా ఉంది. గోడ మీద నిలువు గీతలు లేవు. టర్బో చక్రం పక్కకి వెంట్రుకవాసి కదిలింది, అది ఉండాల్సిందే. ముందుకీ వెనక్కీ కదల్లేదు. గాలి పైపులో ఆయిల్ తడి ఉంది, మడుగు లేదు.

మిగిలింది క్యాటలిస్ట్. బయటికి కంపెనీదే బిగించి ఉంది, లోపల తేనెపట్టు బతికుందో లేదో మ్యాప్ చెప్పనివ్వడం లేదు. అందుకని మిగతా డబ్బు కట్టక ముందే ఈసీయూలో కంపెనీ సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కించాలని షరతు పెట్టాం, ఖర్చు కొనేవాడిదే. డబ్బు కట్టాక ఎక్కించి ఉంటే, క్యాటలిస్ట్ చచ్చిందన్న పీ0420 కోడ్ ఇంటికొచ్చాక వెలిగేది.

"స్టాక్ చేస్తే పికప్ పోతుంది కదన్నా?"

"కంపెనీ ఇచ్చినంత ఉంటుంది తమ్ముడూ. ఇన్సూరెన్సు వాడికి చెప్పని మార్పుతో ఘాట్‌లో దేన్నైనా గుద్దితే క్లెయిమ్ కూడా పోతుంది."

ఫ్లాష్ చేసి (కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎక్కించి) 140 కి.మీ. నడిపాక క్యాటలిస్ట్ మానిటర్ పూర్తయింది, కోడ్ రాలేదు. పొద్దున స్టార్ట్ చేస్తే ఐడిల్ 1,150కి లేచి అర నిమిషం నిలిచింది. మామూలు ప్లగ్గులు వేసి మళ్ళీ ఘాట్ ఎక్కిస్తే రెండో సిలిండర్ టైమింగ్ లాగుడు 2 డిగ్రీల లోపుకి వచ్చింది.

ఖర్చు కాగితం: క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ లేబరుతో 36,000, ముందు డిస్కులు, ప్యాడ్లు 11,500, మౌంట్ 3,800, బంప్ స్టాపులు, పైన మౌంటులు, అలైన్‌మెంట్ 6,400, ప్లగ్గులు 2,700, రిమ్ 1,600, ఫ్లాష్ 12,000. మొత్తం 74,000. తేలని కిలోమీటర్లకి ఇంకో 35,000 తీసి 5,81,000 అడిగాం. లాగ్ గ్రాఫ్ ప్రింటు బల్ల మీద పెట్టాక మధ్యవర్తి "ఒక్క స్క్రూ కూడా విప్పలేదు" అన్న మాట మళ్ళీ ఎత్తలేదు. 5,92,000కి కుదిరింది.

కాగితాల్లో పెద్ద చిక్కు రాలేదు. ఆర్‌సీ మీద ఫైనాన్స్ ఉంది. బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫైనాన్స్ తీసేయడానికి ఫారం 35 ముందు తెప్పించాం. వేగం కెమెరా చలాన్లు రెండు ఉంటే అమ్మేవాడే కట్టాడు. వేరే రాష్ట్రానికి పోతోంది కాబట్టి ఫారం 28 ఎన్‌ఓసీ, యజమాని పేరు మార్పుకి ఫారం 29, 30. ఒడిశాలో ఓడీ 10 నంబరుకి ఫారం 27. వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలు దాటి తిప్పకూడదు. ఎన్‌ఓసీ చేతికొచ్చే దాకా 40,000 ఆపి ఉంచమన్నాం. సంతకాలు పెట్టాక ఫోను ఎత్తని మధ్యవర్తుల్ని ఈ సరిహద్దులో చాలామంది చూశారు.

తర్వాత

క్లచ్ విప్పితే ఫ్లైవీల్ ముఖం మీద రూపాయి బిళ్ళంత నీలం మచ్చలు కనిపించాయి. పగుళ్ళు లేవు కాబట్టి రుద్ది అదే వేశారు. నాలుగు నెలలు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత కూలెంట్ డబ్బాలో మట్టం కనీస గీత కిందికి దిగిందని అబ్బాయి ఫోను చేశాడు. థర్మోస్టాట్ హౌసింగ్, వాటర్ పంపు కలిసే చోట సన్నగా కారుతోంది. బయట ఎండి గులాబీ రంగు చారగా పేరుకుంది. పంపుతో కలిపి 14,500 అయింది.

ఆ చారని మేం రెండు తనిఖీల్లోనూ చూడలేదు. రెండుసార్లూ డబ్బాలో మట్టం సరిగ్గా ఉందని చూసి వదిలేశాం. అమ్మేవాడు ముందురోజు నింపితే సరిగ్గానే ఉంటుంది. ఇప్పుడు టర్బో బండి ఏది వచ్చినా మట్టానికి తోడు కూలెంట్ మూత దగ్గర చేతి పంపు బిగించి 1.2 బార్ ఒత్తిడి ఎక్కించి పావుగంట ఉంచుతున్నాం, ముల్లు దిగితే లైటు, అద్దం పట్టుకుని ఇంజన్ వెనక్కి వెళ్తున్నాం.